క్లబ్బులో రికార్డైన జాజ్ పియానో ఎలా వినాలి: ఒక్క ఆదివారం పట్టుకోండి చాలు

జాజ్ పియానో వినాలని ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. కాఫీ తాగుతూ వినే జాజ్, నిద్రపుచ్చే జాజ్ అంటూ వచ్చే ప్లేలిస్టులన్నీ పక్కన పెట్టేసి, ఏదో ఒక క్లబ్బులో ఒకరోజు జనం ముందు వాయించిన రికార్డింగ్ ఒకటి తీసుకుని ఆ ఒక్కదానితోనే కొన్ని వారాలు ఉండండి. స్టూడియో ఆల్బమ్‌లు తక్కువని కాదు. పియానో, బాస్, డ్రమ్స్, ఈ ముగ్గురే వాయించే సంగీతంలో అసలు పనంతా పక్కవాడు ఏం వాయించాడో విని అప్పటికప్పుడు జవాబివ్వడంలో ఉంది. అది క్లబ్బులో బాగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ పాటని ఇన్ని నిమిషాల్లో ముగించాలన్న తొందర లేదు, ఒక స్వరం తప్పిపోతే ఆపి మళ్లీ మొదటినుంచి ఎత్తుకునే వీలూ లేదు, పైగా చెయ్యి చాపితే తగిలేంత దూరంలో మనుషులు కూర్చుని ఉంటారు.

ఏ రికార్డింగ్ అంటే నా సమాధానం మారదు: 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్. పియానో బిల్ ఇవాన్స్, బాస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషియన్. వాన్‌గార్డ్‌ని 1935లో మాక్స్ గోర్డన్ పెట్టాడు, సెవెంత్ అవెన్యూ సౌత్‌లో మెట్లు దిగి వెళ్లే సెల్లారు అది, లోపల గది త్రికోణంలా కోసుకుపోయి ఉంటుంది, పట్టేది 123 మందే. ఆరోజు మధ్యాహ్నం రెండు సెట్లు, రాత్రి మూడు సెట్లు వాయించారు (సెట్టు అంటే మధ్యలో విరామం లేకుండా వరసగా వాయించే కొన్ని పాటలు). నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ ఐదూ రికార్డు చేయించాడు. పదకొండు రోజుల తర్వాత, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతని వయసు 25. ఇవాన్స్ ఆ దెబ్బకి చాలా నెలలు వాయించడమే తగ్గించేశాడు. మొదటి ఆల్బమ్‌కి పాటలు ఎంచేటప్పుడు లఫారో వినబడే వాటికే పెద్దపీట వేశారు, అది మొదలయ్యేదీ అతను కట్టిన గ్లోరియాస్ స్టెప్‌తోనే, ముగిసేదీ అతనిదే అయిన జేడ్ విజన్స్‌తోనే. రెండో ఆల్బమ్, వాల్ట్జ్ ఫర్ డెబ్బీ, 1962లో వచ్చింది.

మీరు మాత్రం ఈ రెండు ఆల్బమ్‌లతో మొదలుపెట్టకండి. 2005లో మూడు సీడీలుగా ఐదు సెట్లనీ వాయించిన వరసలోనే పెట్టి వదిలారు, కంప్లీట్ విలేజ్ వాన్‌గార్డ్ రికార్డింగ్స్ 1961 అని వెతికితే స్ట్రీమింగ్ యాప్‌లలో దొరుకుతుంది. అది వినండి. ఆల్బమ్‌లో అందమైన పాటలు ఏరి పేర్చినవి ఉంటాయి, ఇందులో ఒక రోజు ఉంటుంది: మధ్యాహ్నం ఇంకా ఊపందుకోని చేతులు, సెట్టుకీ సెట్టుకీ మధ్య విరామం, అదే పాటకి రాత్రి మళ్లీ ఇంకో దారి. మొదటి పాట మధ్యలో కరెంటు పోయి ఒక ముక్క రికార్డు కాలేదు, ఆ తునిగిన పాటని కూడా అలాగే ఉంచారు. ఆ నిర్ణయం నాకెంత నచ్చిందో చెప్పలేను.

వినే ముందు ఫోన్‌లో సరిచేసుకోవాల్సినవి

షఫుల్ తీసేయండి, ఇది ముందు. క్రాస్‌ఫేడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఒక పాట తోకనీ ఇంకో పాట తలనీ కలిపేస్తుంది, లైవ్ రికార్డింగ్‌లో చప్పట్లనీ పాటల మధ్య ఆ కాసేపు ఖాళీనీ అది మింగేస్తుంది కాబట్టి దాన్నీ తీసేయండి. వాల్యూమ్‌ని సమానం చేసే ఆప్షన్ ఉంటే అది కూడా ఆపేస్తే మంచిది, మెల్లగా వాయించింది మెల్లగానే వినబడాలి.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు. ఇది శబ్దశుద్ధి పిచ్చితో చెప్తున్న మాట కాదు. ఆ చిన్న స్పీకరు బాస్ స్వరాల్ని పలకలేదు, ఈ రికార్డింగ్‌లో బాస్ వినబడకపోతే సంగీతంలో సగం పోయినట్టే, లఫారో ఏం చేస్తున్నాడో తెలియక ఇవాన్స్ ఊరికే ఆగిపోతున్నాడేమిటి అనిపిస్తుంది. వేలకు వేలు పోయక్కర్లేదు, మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు. ఇవాన్స్ పియానో ఎంత గట్టిగా పెట్టుకోవాలో తేల్చుకోవడానికి ఒక సులువైన గుర్తు: పాట వెనక జనం మాటలు పక్క టేబుల్ నుంచి వస్తున్నట్టు, మాటలని తెలుస్తూ ఏ మాటో తెలియనంతగా వినబడితే వాల్యూమ్ సరిగ్గా ఉన్నట్టు.

ఇంక టైము. ఒక్కో సెట్టు అరగంట, కాస్త అటూ ఇటూ. ఆ అరగంట ఇంకేమీ పెట్టుకోకండి. ట్రాఫిక్‌లో, వంట చేస్తూ వినే సంగీతం వేరే చాలా ఉంది.

మొదటిసారి విన్నప్పుడు ఏమీ చేయకండి, అర్థం చేసుకోవాలని కూడా చూడకండి, మొదటి సెట్టు చివరిదాకా పోనివ్వండి చాలు. రెండోసారి నుంచి పని మొదలవుతుంది.

ముందు బాస్‌ని పట్టుకోండి

మనకి చిన్నప్పటి నుంచీ పైన వినబడే రాగాన్నే వెంబడించే అలవాటు, కాబట్టి చెవి తనంతట తను పియానో కుడిచేతి దగ్గరికే పోతుంది. దాన్ని బలవంతంగా కిందికి దించండి. మై ఫూలిష్ హార్ట్ పెట్టుకోండి, మొదటి సెట్టులోనే ఉంటుంది, ఆరోజు మొత్తంలో ఒక్కసారే వాయించారు. చాలా నెమ్మదిగా నడిచే పాట. పియానో వాయిస్తున్నది గదిలో ఇంకెవరో వింటారులే అని వదిలేసి, మీరు బాస్ ఒక్కటే వినండి. లఫారో ఒక స్వరం మీటి దాన్ని మోగనిస్తాడు, తర్వాతి స్వరం మీరు అనుకున్న చోట రాదు, వచ్చినప్పుడు అక్కడే రావాల్సిందనిపిస్తుంది. మోషియన్ డ్రమ్స్ కొట్టడు, బ్రష్‌లతో తోలు మీద రాస్తూ ఉంటాడు, తాళం ప్లేటు మీద ఒక తాకుడు తాకి వదిలితే అది చల్లారేదాకా ఇంకోటి వెయ్యడు.

ఇప్పుడు అదే పాట పియానో మీద చెవి పెట్టి వినండి. ఇవాన్స్ ఒక కార్డ్, అంటే కొన్ని స్వరాల్ని కలిపి ఒకేసారి, నొక్కినప్పుడు అందులో అన్ని స్వరాలూ ఒకే బరువుతో ఉండవు, పైన ఉన్న ఒక్క స్వరం కొంచెం ముందుకొచ్చి మిగతావి దాని వెనక నిలబడతాయి. రాగం అలా కార్డుల పై అంచుల మీదనుంచే నడిచిపోతుంది. అంతకుముందు బాస్ వినడంవల్ల మీకిప్పుడు ఇంకొకటి కూడా తెలుస్తుంది: ఎడమచేత్తో కింది స్వరాలు వెయ్యాల్సిన చోట్లు చాలా వరకు అతను ఖాళీగా వదిలేశాడు, ఎందుకంటే అక్కడ లఫారో ఉన్నాడు. ఆ రోజుల్లో చాలా ట్రయోల్లో, అంటే ఇలాంటి ముగ్గురి జట్లలో, బాస్ పని లెక్క తప్పకుండా నడవడం. ఇక్కడ బాస్ మధ్యలో మాట కలుపుతుంది, ఒక్కోసారి పియానో మాటని తనే పూర్తి చేస్తుంది.

తర్వాత పాట చుట్టు తెలుసుకోండి

జాజ్ సోలో, అంటే ఒకరు ముందుకొచ్చి అప్పటికప్పుడు కట్టి వాయించేది, అర్థం కావట్లేదు, ఎక్కడికి పోతోందో తెలియట్లేదు అనే కష్టానికి చాలా మటుకు కారణం, ఆ సోలో దేని మీద కడుతున్నారో తెలియకపోవడమే. దీనికి నాకు తెలిసిన బాగా పనిచేసే ఉపాయం చెప్తాను. మై రొమాన్స్ అనే పాట తీసుకోండి. ముందు దాన్ని గొంతుతో పాడిన రికార్డింగ్ వినండి, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1956లో పాడింది బాగుంటుంది. నాలుగైదుసార్లు విని, మాటలు రాకపోయినా పరవాలేదు, రాగం కూనిరాగంగా తీయగలిగితే చాలు. ఇప్పుడు వాన్‌గార్డ్‌లో ఇవాన్స్ వాయించిన మై రొమాన్స్ పెట్టండి. మొదట పియానో ఒక్కటే నిదానంగా ఎత్తుకుంటుంది, తర్వాత ముగ్గురూ కలిసి లయలోకి దిగుతారు, రాగం వినబడుతుంది, ఆ తర్వాత రాగం మాయమై సోలో మొదలవుతుంది. అక్కడ మీరు ఆగిపోకుండా అసలు పాటని లోపల్లోపల పాడుతూనే ఉండండి. ఆ పాట 32 బార్లు, అంటే నాలుగు లెక్కల కొలతలు ముప్ఫైరెండు. మీరు పాడుకుంటున్న పాట చివరికి వచ్చేసరికి ఇవాన్స్ సోలో కూడా ఒక వాక్యం ముగించి ఇంకోటి అందుకుంటాడు, మీరు మళ్లీ మొదటినుంచి పాడండి, అతనూ మళ్లీ మొదటినుంచే వస్తాడు.

కచేరీలు వినే అలవాటున్నవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది. కల్పనాస్వరాలు ఎంత దూరం పోయినా మళ్లీ ఎత్తుగడ దగ్గరికే వచ్చి వాలాలి కదా, తొడ మీద తాళం వేసుకుంటూ మనం ఆ చోటు కోసమే కాచుకుని ఉంటాం. జాజ్‌లో తిరిగి రావాల్సింది ఒక్క పంక్తికి కాదు, పాట మొత్తం చుట్టుకి. అది ఒకసారి చెవికి అందిందంటే ఆ తర్వాత ఏ సోలో కూడా దారీతెన్నూ లేనిదిగా అనిపించదు.

ఇలాగే వాల్ట్జ్ ఫర్ డెబ్బీ కూడా. ఇవాన్స్ తన అన్న కూతురి పేరు మీద కట్టిన పాట అది. మొదట మూడు లెక్కల్లో నడుస్తుంది, వేళ్లతో ఒకటి రెండు మూడు అని వేసుకుంటూ ఉండండి, కాసేపటికి మీ లెక్క కుదరడం మానేస్తుంది, ఎందుకంటే వాళ్లు నాలుగు లెక్కల్లోకి మారిపోయారు. ఆ మారిన చోటుని పట్టుకోవడానికి వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ వినండి. పెద్ద కష్టం కాదు, ఆనందం మాత్రం చాలా పెద్దది.

ఒకే పాట మూడుసార్లు

క్లబ్ రికార్డింగ్‌లు ఇచ్చేదీ స్టూడియో ఆల్బమ్ ఇవ్వలేనిదీ ఇదే అని నా అభిప్రాయం. ఆరోజు ఆల్ ఆఫ్ యూ మూడుసార్లు వాయించారు. మూడింటినీ ఒకదాని వెనక ఒకటి పెట్టి వినండి, మొత్తం వినే ఓపిక లేకపోతే మూడింటిలో మొదటి నిమిషం, చివరి నిమిషం వినండి. ఏది బాగుంది అని మార్కులు వెయ్యొద్దు. మూడింటిలోనూ ఒకేలా ఉన్నదేమిటో చూడండి, ఎందుకంటే వాళ్లు ముందే అనుకుని వచ్చింది అదే. మూడింటిలో మారిపోయినదంతా అక్కడికక్కడ పుట్టింది. బాస్ సోలో ఎత్తుకునే తీరు, పియానో రాగాన్ని ఎంత దాచి ఎంత చూపించిందీ, డ్రమ్స్ బ్రష్‌ల నుంచి ఎక్కడ ఊపు పెంచిందీ, ఇవన్నీ పక్కపక్కన పెడితేనే తెలుస్తాయి. రాత్రి చివర్లో జేడ్ విజన్స్ వెంటవెంటనే రెండుసార్లు ఉంటుంది, అది కూడా ఇలాగే వినండి, చిన్న పాట కాబట్టి తేడా ఇంకా తేలిగ్గా దొరుకుతుంది.

గ్లాసుల చప్పుడు గురించి

కొత్తగా వినేవాళ్లని ఇబ్బంది పెట్టేది ఇదే. ఇంత సున్నితమైన సంగీతం జరుగుతుంటే వెనక గ్లాసులు తగులుతుంటాయి, ఎవరో నవ్వుతారు, ఇంకెవరో ధారాళంగా మాట్లాడుతూనే ఉంటారు, పాట అయ్యాక చప్పట్లు చూస్తే నాలుగు చేతులు కలిసినట్టుంటాయి. మొదట్లో కోపం వస్తుంది, రావడం న్యాయమే. కానీ ఆ చప్పుళ్లే మీకు గది కొలతలు చెప్తాయి. గ్లాసు ఎంత దగ్గర్లో మోగిందో వింటే పియానో ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది, మాటలు గోడకి కొట్టుకుని ఎలా మందగిస్తున్నాయో వింటే కప్పు ఎంత కిందికి ఉందో తెలుస్తుంది. ఇంకో సంగతి, ఆ మాటల్ని దాటి వినబడాలని ఇవాన్స్ గట్టిగా వాయించలేదు. ఆ గదిలో అంత మెల్లగా వాయించడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం గ్లాసుల చప్పుడు లేకుండా మనకి వినబడేదే కాదు. ఒకసారి జనాన్నే వింటూ ఒక సెట్టు పూర్తి చేయండి, ఏ పాటలో మాటలు తగ్గాయో, మళ్లీ ఎప్పుడు మొదలయ్యాయో గమనించండి.

దీని తర్వాత ఎటు

వెంటనే ఇంకో పది ఆల్బమ్‌ల మీద పడకండి. రెండోది అహ్మద్ జమాల్ వినండి, 1958 జనవరిలో షికాగోలోని పెర్షింగ్ హోటల్ లౌంజిలో రికార్డు చేసింది, బట్ నాట్ ఫర్ మీ అని ఉంటుంది. ఇజ్రాయెల్ క్రాస్బీ బాస్, వెర్నెల్ ఫోర్నియర్ డ్రమ్స్. నలభైకి పైగా ట్రాకులు రికార్డైతే జమాల్ అందులో ఎనిమిదే ఎంచి ఇచ్చాడు. అమెరికాలో రెండేళ్లకు పైగా అమ్మకాల పట్టికలో నిలిచిన రికార్డు అది, జాజ్‌కి అది మామూలు సంగతి కాదు. ఇందులో పొయిన్సియానా అని దాదాపు ఎనిమిది నిమిషాల పాట ఉంది, మొదటి రెండు మూడుసార్లు డ్రమ్స్ ఒక్కటే వినండి. ఫోర్నియర్ న్యూ ఆర్లీన్స్ మనిషి, ఆ ఊరి నడక అతని చేతుల్లో ఉంది, ఒకే లయని ఎనిమిది నిమిషాలూ పట్టుకుని కూర్చుంటాడు, ఎక్కడా విసుగనిపించదు. జమాల్ దాని పైన తక్కువ వాయించి ఎక్కువ వదిలేస్తాడు, ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ అంతటివాడు మెచ్చుకున్నది ఆ వదిలేయడాన్నే. ఇవాన్స్ వాన్‌గార్డ్‌కీ దీనికీ గది గాలే వేరు, ఇక్కడ జనం వింటున్నారు, సరదాగా ఉన్నారు, ఆ సరదా పియానోలోకి పాకుతుంది.

మూడోది నాకు చాలా ఇష్టమైన జత. వాన్‌గార్డ్ ఆదివారంలో సోలార్ అనే పాట ఉంది. దాన్నే కీత్ జారెట్ అనే పియానిస్టు 1992 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని డెలావేర్ వాటర్ గ్యాప్ అనే చిన్న ఊళ్లో, డీర్ హెడ్ ఇన్ అనే చోట వాయించాడు. కుర్రతనంలో అతను అక్కడ వాయించేవాడు, పేరొచ్చాక తిరిగి వెళ్లి వాయించిన రాత్రి అది. బాస్ గ్యారీ పీకాక్. డ్రమ్స్ ఎవరో తెలుసా, పాల్ మోషియన్, ఆ 1961 ఆదివారం వాయించిన మోషియనే. ఒకే డ్రమ్మర్, ఒకే పాట, మధ్యలో 31 ఏళ్లు. రెండూ వెంటవెంటనే వినండి, మోషియన్‌లో ఏం మారిందో, ఏం మారలేదో వినండి. జారెట్ వాయిస్తూ గొంతుతో మూలుగుతూ పాడతాడు, దాన్ని భరించలేక వదిలేసేవాళ్లున్నారు, వదిలేయకండి, రెండు మూడు పాటలకి అలవాటైపోతుంది. జారెట్ అనగానే అందరూ చెప్పే 1975 కొలోన్ కచేరీ మంచిదే, కానీ అది ఆపెరా హాలు, ఒక్కడే వాయించింది, ఇప్పుడు మనం వింటున్న పనికి అది వేరే దారి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఆస్కార్ పీటర్సన్ ట్రయో 1961 జులై, ఆగస్టుల్లో షికాగో లండన్ హౌస్‌లో వాయించినవి, రే బ్రౌన్ బాస్, ఎడ్ థిగ్‌పెన్ డ్రమ్స్, ఇవాన్స్ ఆదివారానికి నెల తిరిగిందో లేదో అప్పటివి, వేళ్ల వేగం ఇష్టపడేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టినా తప్పులేదు. థెలోనియస్ మంక్ 1958 ఆగస్టులో న్యూయార్క్ ఫైవ్ స్పాట్‌లో వాయించింది, అందులో జానీ గ్రిఫిన్ సాక్సఫోన్ కూడా ఉంటుంది, సాక్సఫోన్ వెనక మంక్ ఎప్పుడు వాయిస్తాడో, ఎప్పుడు చేతులు తీసేస్తాడో వినండి. ఒక్క పియానోనే క్లబ్బులో వినాలంటే ఫ్రెడ్ హర్ష్ వాన్‌గార్డ్‌లో ఒంటరిగా వాయించింది ఉంది, 2011లో వచ్చింది. చివరగా ఇవాన్స్ దగ్గరికే మళ్లీ వెళ్లండి: 1980 జూన్‌లో అదే వాన్‌గార్డ్‌లో, వేరే బాస్, వేరే డ్రమ్స్‌తో వాయించిన మై రొమాన్స్. ఆ సెప్టెంబరులో అతను పోయాడు. 1961 పాట బాగా పట్టుబడ్డాకే ఇది వినండి, లేకపోతే అంత వేగంగా అతను దేన్ని దాటుకుంటూ పోతున్నాడో తెలియదు.

న్యూజెర్సీలో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఇంకో మాట. వాన్‌గార్డ్ ఇప్పటికీ అదే సెల్లారులో నడుస్తోంది, జెర్సీ సిటీ నుంచి పాత్ (PATH) రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో గానీ ఫోర్టీన్త్ స్ట్రీట్‌లో గానీ దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. రాత్రికి రెండు సెట్లుంటాయి, టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. లోపల భోజనం ఉండదు, తిని వెళ్లండి. ఫొటోలు, రికార్డింగ్ కుదరదు, వాయిస్తుండగా మాట్లాడితే ఊరుకోరు, 1961 జనంలా ఉంటే ఇప్పుడు చెల్లదు. పియానో దగ్గరి కుర్చీలు కావాలంటే తలుపులు తీసే వేళకే వరసలో ఉండండి. సోమవారాలు పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తుంది, అదీ గొప్పగానే ఉంటుంది కానీ ట్రయో కోసం వెళ్లేవాళ్లు మంగళవారం నుంచి ఆదివారం లోపు ఎవరు వాయిస్తున్నారో చూసుకుని టికెట్టు తీసుకోండి.